హెచ్-ఇండెక్స్ 28 ఉంటే మంచి గైడేనా?

తమ్ముణ్ణి పీహెచ్‌డీలో చేర్చాలనుకుంటున్నాం, ఆ కెమికల్ బయాలజీ ప్రొఫెసర్‌కు 90 పేపర్లు, హెచ్-ఇండెక్స్ 28 (అంటే 28 పేపర్లకు ఒక్కోదానికి కనీసం 28 సైటేషన్లు, వేరే పేపర్లలో ప్రస్తావనలు, ఉన్నాయని), చేర్చొచ్చా అని ఒకరు అడిగారు. ముందు ఆ 28ని పక్కన పెట్టండి. ఆయన చేసిన అణువునో, పద్ధతినో వేరే ల్యాబ్ వాళ్ళు తెచ్చుకుని తమ పనికి వాడుకున్నారా? నేనైతే అదొక్కటే చూస్తాను.

మాది నల్గొండ జిల్లా, మర్రిగూడ వైపు. బోరు నీళ్ళు తాగి తాగి మా నాయనమ్మకు నలభై దాటకముందే నడుము వంగిపోయింది. అందుకే పీహెచ్‌డీలో ఫ్లోరైడ్‌ను పట్టే ప్రోబ్ చేద్దామని గైడ్ అనగానే, ఇంకో మాట లేకుండా ఒప్పుకున్నాను. కూమరిన్ అనే వెలిగే అణువుకు సిలికాన్ గుంపు తగిలించి చేసింది అది. ఫ్లోరైడ్ తగిలితే సిలికాన్ ఊడిపోయి, యూవీ లైట్ కింద నీలంగా వెలుగుతుంది. డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగించి, ఫ్లోరైడ్ ఇచ్చే టీబీఏఎఫ్ అనే లవణం చుక్క వేస్తే ల్యాబ్ అంతా నిలబడి చూసేది. పేపర్ వచ్చింది.

ఆ దసరాకు ప్రోబ్ సీసా, చిన్న యూవీ టార్చ్ పట్టుకుని ఊరికి పోయాను. రాత్రి వాకిట్లో నాయనమ్మ మంచం పక్కనే కూర్చుని మా బోరు నీళ్ళు కలిపాను. లీటరుకు 4 మిల్లీగ్రాముల పైనే ఫ్లోరైడ్ ఉందని అంతకుముందే పరీక్షలో తేలిన నీళ్ళవి. టార్చ్ వేశాను. వెలుగు లేదు. ఇంకొన్ని పోసి పావుగంట ఆగాను. లేదు. "ఏంది బిడ్డా, మన నీళ్ళల్ల లేదంటనా?" అని అడిగింది నాయనమ్మ. నాకు గొంతు పెగల్లేదు.

నీళ్ళలో ఫ్లోరైడ్‌ను నీటి అణువులు గట్టిగా చుట్టుకుని ఉంటాయి, సిలికాన్ దాకా పోనివ్వవు. డీఎంఎస్ఓలో ఆ పట్టు ఉండదు. ఈ రంగంలో ఇది తెలిసిన సంగతే. అయినా అలాంటి ప్రోబ్‌ల మీద పేపర్లు వస్తూనే ఉన్నాయి. నా పేపర్‌కు 60 దాకా సైటేషన్లు వచ్చాయి. ఒక్కొక్కటీ తెరిచి చదివాను. అన్నీ ప్రోబ్‌లు చేసేవాళ్ళవే, మొదటి పేరాలో పది పేపర్లతో కలిపి నాదీ ఒక నంబరు. నా అణువును వాడినవాళ్ళు ఒక్కరు లేరు. నీళ్ళ ల్యాబ్‌లలో 1966లో వచ్చిన ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో ఇప్పటికీ కొలుస్తున్నారు. మా గైడ్ హెచ్-ఇండెక్స్‌లో మాత్రం నా పేపర్ లెక్కలోకి వచ్చింది.

2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ఆయన పెట్టిన లెక్క ఇది. పేపర్ మీద పన్నెండు పేర్లుంటే పన్నెండుగురికీ ఒకే మార్కు. రెండేళ్ళు రాత్రింబవళ్ళు సింథసిస్ చేసిన పిల్లకూ అంతే, మెషిన్ ఇచ్చినందుకు పేరు పెట్టించుకున్న పెద్దమనిషికీ అంతే. మా లెక్చరర్లలో ప్రమోషన్ కోసం డబ్బు కట్టి పేపర్లు వేయించుకునేవాళ్ళను చూస్తే కడుపు మండుతుంది. ఆ డబ్బుతో కాలేజీ ల్యాబ్‌కు బ్యూరెట్లు వచ్చేవి.

మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు 1925లో హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రచురించారు. హార్వర్డ్ సుబ్బారావుకు పర్మినెంట్ పోస్టు ఇవ్వలేదు. ఆ పద్ధతిని మాత్రం వందేళ్ళుగా ల్యాబ్‌లలో వాడుతున్నారు. నల్గొండలో నా స్టూడెంట్లు కూడా ఆ నీలం రంగు చూసి ఫాస్ఫేట్ లెక్క కడతారు. పని నిలిచింది అంటే నాకు అదే.

కాబట్టి తమ్ముణ్ణి ఆ ప్రొఫెసర్ పేపర్లలో ఎక్కువ సైటేషన్లు ఉన్న ఐదు తీసుకోమనండి. వాటిని సైట్ చేసినవాళ్ళు ఎక్కడ సైట్ చేశారో చూడమనండి. మొదటి పేరాలోనా, ప్రయోగం ఎలా చేశామో రాసే చోటా? మొదటి పేరు స్టూడెంట్‌దేనా అన్నదీ చూడాలి. తర్వాత ఆ ల్యాబ్‌లో పీహెచ్‌డీ ముగించిన ఇద్దరికి ఫోన్ చేసి, ఎన్నేళ్ళు పట్టిందో, మీరు చేసిన అణువు ఇప్పుడు ఎవరి ఫ్రిజ్‌లో ఉందో అడగమనండి.