కరెంటు సందేహాలు: అతుకులు, తెగిన వైర్లు

ప్రశ్న: మిద్దె మీద నీళ్ల మోటారుకు మూడు కోర్ల కేబుల్ వేశాం. పిట్టగోడ దగ్గర ఎలుకలు కొరికేశాయి, లోపలి రాగి కనిపిస్తోంది. టేపు చుట్టి వదిలేస్తే సరిపోదా? (కొత్తపట్నం)

జవాబు: పై తొడుగు మాత్రమే పోయి, లోపలి మూడు వైర్ల మీదా ప్లాస్టిక్ చెక్కు చెదరకుండా ఉంటే సరిపోతుంది. రాగి బయటపడిందంటే మాత్రం ఆ ముక్క కోసి తీసేయాల్సిందే. ఎలుక పంటికి పోగులు కూడా తెగుతాయి. మిగిలిన పోగుల మీదే మోటారు లోడంతా పడి అక్కడ వేడెక్కుతుంది.

ముందు మెయిన్ ఆపండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపండి. మెయిన్ తీసేశాం కదా అనుకుని ఇన్వర్టర్ లైను పట్టుకుని షాకు తినేవాళ్లు ఎక్కువ. మెయిన్ ఆపకముందే టెస్టర్‌ను కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి, అది వెలుగుతోందో లేదో చూసుకున్నాకే కట్టేసిన లైనులో పెట్టండి. పాడైన టెస్టర్ కూడా ‘కరెంటు లేదు’ అనే చెబుతుంది.

కొరికిన చోటికి రెండు వైపులా మరో 5 సెం.మీ. కలిపి కోసేయండి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి రాగి లోపలికంటా పచ్చగానో నల్లగానో మారి ఉంటుంది. మెరిసే రాగి కనిపించేదాకా ఇంకాస్త కోసుకుంటూ పోవాలి. పచ్చబడిన పోగులను ఎంత గట్టిగా నొక్కినా పట్టు దొరకదు.

ఇప్పుడు రెండు కొసల్లోనూ 12 సెం.మీ. మేర పై తొడుగు తీయండి. ఒక కొసలో ఫేజ్‌ను 4, న్యూట్రల్‌ను 8, ఎర్త్‌ను 12 సెం.మీ. పొడవు ఉంచి కత్తిరించండి. రెండో కొసలో తిరగేసి ఫేజ్ 12, న్యూట్రల్ 8, ఎర్త్ 4. ఇలా చేస్తే మూడు అతుకులూ పక్కపక్కన పడవు. ఎప్పుడైనా ఒకదాని మీది టేపు జారినా ఫేజ్, న్యూట్రల్ ఒకదానికొకటి తగలవు. రెండు కొసలనూ ఒకే వరుసలో కోసి, మూడు అతుకులూ ఒకే చోట ముద్దగా చుట్టడం మనవైపు బాగా అలవాటు. మిద్దె మీద కాలిపోయే అతుకులు చాలావరకు అవే.

కలిపే ముందే హీట్ ష్రింక్ స్లీవులు (వేడికి ముడుచుకుని వైరును పట్టేసే గొట్టాలు) ఎక్కించుకోండి. ఒక్కో వైరుకు ఒక చిన్నది, మొత్తం కేబుల్‌కు 26 సెం.మీ. పొడవున్న పెద్దది. అన్నీ బిగించాక స్లీవు గుర్తొస్తే మళ్లీ కోసుకోవాలి! ప్రతి వైరు కొసనా 1 సెం.మీ. ప్లాస్టిక్ తీసి, వైరు సైజుకు సరిపోయే రాగి ఫెర్రుల్‌ (చిన్న గొట్టం)లో రెండు వైపుల నుంచీ దూర్చి, క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కండి. తర్వాత గట్టిగా లాగి చూడండి. ఊడి వచ్చిందంటే అది అతుకే కాదు. టేపు ఉన్నది కరెంటు బయటికి రాకుండా ఆపడానికి, వైరును పట్టి ఉంచడానికి కాదు.

ఆరుబయట కాబట్టి లోపల జిగురు పూత ఉన్న స్లీవే కొనండి. మామూలు దాంట్లోకి వాన నీరు కొసల నుంచి దూరుతుంది. వేడిగాలి గన్‌తో మధ్య నుంచి కొసల వైపు వేడి చేయాలి. లైటర్ మంట పెడితే ఒక చోట మాడి, ఇంకో చోట వదులుగా మిగులుతుంది. స్లీవు దొరక్కపోతే ప్రతి వైరు మీదా సాగే రబ్బరు టేపు బాగా లాగి చుట్టి, పైన పీవీసీ టేపు సగం మీద సగం వచ్చేలా మూడు వరుసలు వేయండి. ఆఖరున మొత్తం అతుకును అదే తీరున, రెండు వైపులా తొడుగు మీదికి 5 సెం.మీ. పోయేలా చుట్టండి. పీవీసీ టేపు ఒక్కటే అయితే ఎండకు జిగురు కారి, వేసవి దాటకముందే విడిపోతుంది. అతుకును గోడకు బిగించిన మూత పెట్టెలో ఉంచి, వైర్లు కింది నుంచి లోపలికి వెళ్లేలా పెట్టండి. పై నుంచి వెళ్తే వాన నీరు కూడా వాటి వెంటే వెళ్తుంది.

ప్రశ్న: గీజరు వేసిన కాసేపటికి స్విచ్చు పక్క గోడలోంచి కాలిన వాసన. ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే పడే స్విచ్చు) మాత్రం పడటం లేదు. (నెల్లూరు)

జవాబు: పడదు. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. గోడలో వైర్లు పోయే పైపులో ఎక్కడో మెలితిప్పి వదిలేసిన అతుకు వదులై అర ఓమ్ అడ్డు పెట్టిందనుకోండి, ఆ ఒక్క చోటే 38 వాట్ల వేడి పుడుతుంది. రేడియో మెకానిక్ వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అంటే గోడలో అంతకన్నా వేడిది పెట్టుకున్నట్టు. లైనులో కరెంటు పెరగలేదు, కాస్త తగ్గింది కూడా, కాబట్టి ఎంసీబీకి ఏమీ తెలియదు. కరెంటు ఎర్త్‌కు పోలేదు గనక ఎర్త్‌కు లీకైతే పడే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు కూడా కదలదు.

గీజరు వాడటం ఇవాళే ఆపండి. కనిపించని పైపులో అతుకు ఉండకూడదు, అందుకని అక్కడ మరమ్మతు పని కాదు. బోర్డు నుంచి గీజరు దాకా 2.5 చ.మి.మీ. రాగి వైరు ఒకే ముక్కగా కొత్తది లాగించండి. 16 ఆంపియర్ల స్విచ్చును కూడా విప్పి చూడండి. స్క్రూ కింద వైరు గోధుమ రంగుకు తిరిగి, ప్లాస్టిక్ పెళుసైపోయి ఉంటే అదీ మార్చాలి. పోగులు చెదరకుండా కొసకు సీసం పూసి స్క్రూ కింద బిగించేవాళ్లున్నారు. సీసం ఒత్తిడికి మెల్లగా అణిగిపోయి స్క్రూ వదులవుతుంది. పూయకుండా పిన్ లగ్ (వైరు కొసకు నొక్కే సన్నటి లోహపు మొన) వేయించండి.

ప్రశ్న: పాత ఇంట్లో అల్యూమినియం వైరు ఉంది. కొత్త గదికి దాని నుంచే రాగి వైరు కలపవచ్చా? (ఉదయగిరి)

జవాబు: రెండింటినీ నేరుగా మెలితిప్పొద్దు. తేమ తగిలితే అల్యూమినియం తినేసుకుపోతుంది. తప్పనిసరైతే రెండు లోహాలకూ పనికొచ్చే బైమెటాలిక్ కనెక్టర్ వాడాలి. మా సలహా మాత్రం, కొత్త గదికి మీటరు బోర్డు నుంచి వేరే లైను.

ప్రశ్న: ఇస్త్రీపెట్టె వైరు మెడ దగ్గర తెగింది. మధ్యలో అతకమంటారా? (సింగరాయకొండ)

జవాబు: వద్దు. రోజూ వంగే వైరులో అతుకు నిలవదు. పొడవు చాలితే తెగిన చోటు కోసేసి, పెట్టె వెనక మూత విప్పి టెర్మినళ్లకు మళ్లీ బిగించండి. చాలకపోతే నూలు అల్లిక ఉన్న రబ్బరు వైరే కొనండి. మామూలు పీవీసీ వైరు వేడి పెట్టెకు తగిలితే కరిగిపోతుంది. ప్లగ్గులో ఎర్త్ వైరును మిగతా రెండింటికన్నా 1 సెం.మీ. పొడుగ్గా వదలండి. ఎవరైనా లాగితే ఫేజ్ ముందు ఊడాలి, ఎర్త్ ఆఖరున.

ప్రశ్న: ఫ్యాను తిరగడం లేదు, సాకెట్‌లో రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ వెలుగుతోంది. రెండు ఫేజులు వచ్చాయా? (కోవూరు)

జవాబు: చాలాసార్లు వచ్చేది ఒక్క ఫేజే. న్యూట్రల్ ఎక్కడో తెగి ఉంటుంది. ఆన్‌లో ఉన్న లైటు గుండానో ఫ్యాను గుండానో ఫేజ్ న్యూట్రల్ వైరులోకి తిరిగి వస్తుంది. అన్ని స్విచ్చులూ ఆపి ప్లగ్గులు పీకేస్తే రెండో రంధ్రంలో వెలుగు పోతుంది. అదే గుర్తు. న్యూట్రల్‌ నల్ల వైరే కదా అని ముట్టుకోవద్దు. ఒక్క గదిలోనే ఇలా ఉంటే మెయిన్ ఆపి, ఆ గది బోర్డులో న్యూట్రల్ అతుకు వెతికించండి. ఇల్లంతా ఉంటే మెయిన్ ఆపేసి, మీటరు నుంచి మెయిన్ దాకా ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. తెగింది స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే సర్వీసు వైరులోనైతే దాని మీద మీరు గానీ మీ ఎలక్ట్రీషియన్ గానీ చెయ్యి వేయకండి. 1912కు ఫోన్ చేసి లైన్‌మన్‌ను పిలిపించండి.