దోసె రుచి చూసి మనిషిని తీసుకోకు

అమ్మడూ,

ఉద్యోగం మానేసి కూకట్‌పల్లిలో టిఫిన్ సెంటర్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు. నేను మాత్రం ఫోన్ పెట్టేసి మీ అత్తయ్యని స్ట్రాంగ్ కాఫీ కలపమన్నాను. గవర్నర్‌పేటలో ముప్ఫై ఏళ్ళు నేను నెట్టుకొచ్చిన పని మనింట్లో మళ్ళీ ఎవరన్నా ముట్టుకుంటారనుకోలేదు. గర్వంగానే ఉంది. రాత్రి నిద్ర పట్టలేదనుకో.

మనుషుల్ని ఇంకా పెట్టుకోలేదట కదా. చిన్న చిన్నవి ముందు చెప్పేస్తాను. ఆధార్ జిరాక్సు తీసుకో, పాత ఓనరుకి ఫోన్ చెయ్యి. చిన్న పిల్లల్ని తెచ్చి ‘అన్నం పెడితే చాలమ్మా’ అని ఎవరు బతిమాలినా పెట్టుకోకు. వంటవాళ్ళకి ఏటా డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. పదిమందయితే ఈఎస్ఐ, ఇరవైమందయితే పీఎఫ్, అవి ఆడిటర్ చూసుకుంటాడు. మాస్టర్లు అడ్వాన్స్ అడుగుతారు, ఇవ్వక తప్పదు. పోయినా నీకు నిద్ర పట్టేంతే ఇవ్వు.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా సగమే తెలుసు.

1994లో మా దోసె మాస్టర్ చెప్పాపెట్టకుండా ఊరెళ్ళిపోయాడు. మూడు రోజులు పెనం వెలిగించలేదు. నాలుగో రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒకతను వచ్చాడు. ఒక దోసె వేసి చూపించమన్నాను. అంచు కరకర, నడుమ మెత్తన. నిలబడే తినేశాను. అతను పొయ్యి మీట తిప్పి చేతులు కడుక్కున్నాడు. వెనక 19 కిలోల సిలిండర్ వాల్వు తెరిచే ఉంది. నేనే వంగి కట్టేశాను. కట్టేసి, ‘రేపట్నించి రా’ అన్నాను. చూడక కాదమ్మా. చూసి కూడా, దోసె నోట్లో ఉండగా మాట రాలేదు.

రెండు నెలలు రోజూ రాత్రి ఆ వాల్వు నేనే కట్టుకున్నాను. మీ బావకి జ్వరం వచ్చిన రాత్రి తొందరగా ఇంటికెళ్ళిపోయాను. తెల్లారి నాలుగున్నరకి క్లీనర్ కుర్రాడు షట్టర్ ఎత్తి అగ్గిపుల్ల గీశాడు. వాడికి జలుబు, వాసన తెలీలేదు. గ్యాసు గాలికన్నా బరువు, నేలమీదే పరుచుకుంటుంది. మోకాళ్ళ దాకా కాలాయి. ఆస్పత్రి వరండాలో వాళ్ళమ్మ నన్ను పల్లెత్తు మాట అనలేదు. ‘బాబూ, వాణ్ణి పన్లో ఉంచుకుంటావా’ అని అడిగింది. ఆ తర్వాత పదిహేనేళ్ళు నా దగ్గరే చేశాడు. నేల కడిగేటప్పుడు కూడా ప్యాంటు పైకి మడిచేవాడు కాదు.

అందుకని ఒక్క దోసెతో తేల్చకు. ఆదివారం పొద్దున్న రద్దీలో నిలబెట్టు, ఆ పూట కూలి ఇచ్చెయ్యి. ఆఖరి దోసె దిగాక పక్కకి తప్పుకుని చూడు. వాల్వు కడతాడా? పెనం తుడుస్తాడా? మిగిలిన పిండి ఫ్రిజ్‌లో పెడతాడా? క్లీనర్ని ఏమని పిలుస్తాడు?

నువ్వూ తక్కువదానివేం కాదు. ల్యాప్‌టాప్ మూయకుండా దాని పక్కనే నిద్రపోతావట. సిలిండర్‌తో అలా కుదరదే పిచ్చిదానా.

శనివారం శాతవాహనకి వస్తున్నాను. మాస్టర్ని ఆదివారం రమ్మను. నేనేం కల్పించుకోను, మూల స్టూలు మీద కూచుంటాను. ఈలోగా సిలిండర్లు వంటగది బయట పెట్టించు. మీ అత్తయ్య కందిపొడి పంపిస్తోంది, స్టేషన్‌కి ఎవరినన్నా పంపు, డబ్బా బరువు.

మావయ్య