ఊరికి వెళ్లి ఇంటికి వెళ్లకపోతే

ప్రశ్న: మాది కడప. మా ఇంటామెది కాకినాడ, జగన్నాథపురం. పెళ్లయి ఆరేళ్లు, ఒక పాప. కాకినాడ ఎప్పుడు పోయినా చుట్టాల మధ్యే గడిచిపోతుంది. అందుకే ఈసారి పాపను మా అమ్మ దగ్గర వదిలి, ఇద్దరమే ఉండేలా రెండు రోజులకు హోటల్ బుక్ చేశా. మీ వాళ్లకు చెప్పొద్దని ముందే మాట తీసుకున్నా. ఆమెకు పడవంటే ప్రాణం కాబట్టి కోరంగిలో బోటింగ్ పెట్టుకున్నాం. తీరా బోటు ఎక్కే టయానికి వాళ్ల పిన్ని కొడుకులు క్యారియర్ పట్టుకుని దిగారు. ఈమే ఫోన్ చేసిందట. బోటు పెద్ద నీళ్లలోకి పోయాక ఊగుతుంటే నేను కమ్మీ గట్టిగా పట్టుకుని కూర్చున్నా. అది చూసి వాళ్లతో పాటు ఆమె కూడా నవ్వింది. అందరి ముందూ అరిచేశా. ఆ రాత్రికే తిరిగొచ్చేశాం. అప్పటి నుంచి పాప కోసం తప్ప మాటల్లేవు. మా అమ్మమ్మ వాళ్లది చెయ్యేరు ఒడ్డు ఊరు. ఆ వరద తర్వాత నీళ్లంటే నాకు పడదు గానీ, అది వేరే విషయం. మాట తప్పింది ఆమె కదా? వచ్చే నెల మా బావమరిది గృహప్రవేశం. నేను పోవాలా?

జవాబు: వెళ్లాలి. ఎలా వెళ్లాలో చివర్లో చెబుతాను. ముందు, మీరు వేరే విషయం అని పక్కన పెట్టేసిన దాని గురించి మాట్లాడుకుందాం.

2021 నవంబరు 19 తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడింది. పులపత్తూరు, మందపల్లి వైపు ఇళ్లు, పశువులు, మనుషులు కొట్టుకుపోయారు. ఆ వైపు నుంచి నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇప్పటికీ వాన గట్టిగా పడితే నిద్ర పట్టనివాళ్లు ఉన్నారు. అమ్మమ్మ ఊరిని అలా చూసిన మనిషి, నీళ్లంటే పడకపోయినా, భార్యకు ఇష్టమని బోటింగ్ పెట్టుకున్నాడు. ఇది ఎంత పెద్ద ప్రేమో మీ ఆవిడకు తెలుసా? ఆమెకు మీరు చెప్పారని ఉత్తరంలో ఎక్కడా లేదు. చెప్పి ఉంటే ఆమె నవ్వేదే కాదని నాకు గట్టిగా అనిపిస్తోంది.

కోరంగిలో బోటు మొదట మడ చెట్ల మధ్య కాలువలో మెల్లగా పోతుంది. రెండు పక్కలా చెట్లు, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేర్లు కనిపిస్తూ ఉంటాయి కాబట్టి పెద్దగా భయం వేయదు. సముద్రం వైపు నీళ్లు వెడల్పయ్యాక అల తగిలి బోటు ఊగుతుంది. ఆ ఊళ్లో పెరిగిన పిల్లలకు అది ఆట. మీరు కమ్మీ పట్టుకోవడం ఆమెకు కొత్త అల్లుడి బెరుకులా కనిపించి ఉంటుంది. మీ కళ్ల ముందు మాత్రం ఆ క్షణాన చెయ్యేరు ఉంది. ఆ అరుపు కోపంతో వచ్చింది కాదు, భయం వల్ల వచ్చింది. పైగా బావమరుదుల ముందు నామర్దా.

ఇక మాట తప్పడం సంగతి. ఆ మాట తీసుకోవడమే సరికాదని నేననుకుంటాను. భార్యతో ఒంటరిగా రెండు రోజులు గడపాలనుకోవడం మంచి కోరిక. ఆరేళ్లలో అది దొరక్కపోవడం మీ ఇద్దరికీ లోటే. కానీ అందుకు ఆమె పుట్టిన ఊరినే ఎంచుకుని, ఆ ఊళ్లోనే అమ్మానాన్నలకు కనబడకుండా ఉండమన్నారు. కోరంగి అంటే కాకినాడ వాళ్లు పిల్లల్ని తీసుకుని సెలవు రోజున వెళ్లే చోటు. ఎవరో ఒకరు చూస్తారు, సాయంత్రానికి జగన్నాథపురం చేరుతుంది. "ఊళ్లోకొచ్చి గడప తొక్కకుండా లాడ్జీలో దిగారంట, మేమేం తప్పు చేశామే?" అని తల్లి అడిగితే ఆ పిల్ల ఏం చెబుతుంది? మా ఆయన వద్దన్నాడని చెబితే మీరు చెడ్డవాళ్లవుతారు. చెప్పకపోతే తను చెడ్డదవుతుంది. కడపలో సంతోషంగా ఇచ్చిన మాట, కాకినాడలో రైలు దిగేసరికి గొంతుకు అడ్డం పడింది.

ఆమె వైపు తప్పు లేదని మాత్రం అనను. ఫోన్ చేశాక, పొద్దున్నే మీతో ఒక ముక్క చెప్పాల్సింది. తమ్ముళ్లు ఎదురొచ్చేదాకా దాచడం మిమ్మల్ని పరాయివాణ్ణి చేసింది. ఈ మాట ఆమెతో అనండి. కానీ మొదటి మాటగా అనకండి.

మొదటి మాట చెయ్యేరు గురించి కావాలి. పాప పడుకున్నాక, టీవీ, ఫోన్లు పక్కన పెట్టి, అమ్మమ్మ ఊళ్లో ఏం చూశారో చెప్పండి. బోటులో చేతులు ఎలా చెమట పట్టాయో చెప్పండి. అరిచినందుకు సారీ చెప్పండి. "నువ్వు నవ్వావు కాబట్టి" అని దానికి తోక తగిలించొద్దు. ఆమె వెంటనే కరిగిపోకపోవచ్చు. పుట్టింటి వాళ్ల ముందు మాట పడింది, కొంచెం టైమ్ ఇవ్వండి.

మర్నాడు మీ అత్తగారికి మీరే ఫోన్ చేయండి. మీ ఆవిడతో చేయించొద్దు. "హోటల్ ఆలోచన నాదే అత్తయ్యా, మీ అమ్మాయిది కాదు. గృహప్రవేశానికి ముందు రోజే వస్తాం" అంటే చాలు. ఆ ఒక్క ఫోన్‌తో మీ ఆవిడ నెత్తిమీద బరువు సగం దిగుతుంది.

నీళ్ల కలలు వచ్చి లేచి కూర్చోవడం, వర్షాకాలంలో గుండె దడలాంటివి ఉంటే డాక్టరుకు చూపించుకోండి. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీమానస్ 14416 నంబరుకు ఉచితంగా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. మగాడికి భయమేంటని ఊరుకుంటే ఆ భయం ఇంట్లోవాళ్ల మీద కోపంగా బయటికొస్తూనే ఉంటుంది.

గృహప్రవేశానికి తిరుమల ఎక్స్‌ప్రెస్‌లో సామర్లకోట దిగి నేరుగా అత్తగారింటికే వెళ్లండి. బావమరుదులు మళ్లీ బోటు అంటే, "నాకు భయం, మీరు వెళ్లి రండి" అని మామూలుగా చెప్పేయండి. ఆమె తమ్ముళ్లతో వెళ్లొస్తుంది. మీరు పాపతో చెక్క వంతెన మీద మడ చెట్ల మధ్య తిరగొచ్చు. ఇద్దరే ఉండాలన్న మీ కోరిక అలాగే ఉంచుకోండి. దానికి చుట్టాలు లేని ఊరు కావాలి, ఎక్కడికన్నది ఈసారి ఆమెనే అడగండి. రైలు టికెట్లు మాత్రం ముగ్గురికీ ఇప్పుడే తీసుకోండి, ఆ బండిలో బెర్తులు ఆఖర్లో దొరకవు.