ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కొనే ముందు ఒక్కసారి ఇది చదువు అల్లుడూ

అల్లుడూ,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పింది రాత్రంతా బుర్రలో తిరుగుతూనే ఉంది. పొద్దున్నే సిస్టమ్ ఆన్ చేసి, ఎదురు బడ్డీలో టీ తాగి వచ్చినా ఇంకా డెస్క్‌టాప్ రావట్లేదని, శుభలేఖల కోసం వచ్చినవాళ్లు నిలబడి నిలబడి పక్క కొట్టుకి పోతున్నారని, ఎవరో ఒక టెరాబైట్ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తగిలిస్తే స్పీడ్ వచ్చేస్తుందన్నారని చెప్పావు కదా. శ్రావణ మాసం ముహూర్తాలు నెత్తిమీదికి వస్తుంటే నీ టెన్షన్ నాకు అర్థమవుతుంది. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర ఇరవై రెండేళ్లు డీటీపీ కొట్టు నడిపినవాణ్ణి, ఆ బాధ నేనూ పడ్డాను.

డ్రైవ్ కొను, వద్దనను. కానీ అది ఊరికే తగిలిస్తే కంప్యూటర్ పరిగెత్తదు. విండోస్, పేజ్‌మేకర్, అను ఫాంట్లు అన్నీ లోపలి పాత డిస్క్ మీదే ఉంటే, బయట ఎంత ఖాళీ ఉండి ఏం లాభం?

ముందు రోగం ఎక్కడుందో చూడు. సిస్టమ్ మొరాయిస్తున్నప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో డిస్క్ అన్న చోట ఎంతసేపటికీ 100 శాతం దగ్గరే ఉండి, సీపీయూ ఖాళీగా ఉంటే, నీ ప్రాసెసర్‌కి ఏ జబ్బూ లేదు, హార్డ్ డిస్క్ దగ్గరే పని ఆగిపోతోంది. ఆ డబ్బాలో ఒక పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంటుంది, దాని మీద ఒక సన్నటి ముల్లు అటూ ఇటూ కదులుతూ చదువుతుంది. ఒకే పెద్ద ఫైలైతే సెకనుకి 100 ఎంబీ దాకా లాగేస్తుంది. విండోస్ లేచేటప్పుడు కావలసినవి మాత్రం వేల కొద్దీ చిన్న చిన్న ముక్కలు, తలో మూలా ఉంటాయి. ప్రతిదానికీ ఆ ముల్లు వెళ్లి రావాలి, దాంతో వేగం సెకనుకి ఒకటి రెండు ఎంబీకి పడిపోతుంది. నువ్వు వినే కరకర చప్పుడు అదే. కరకర కాకుండా టక్ టక్ మని ఒకే తీరున కొడుతోందంటే మాత్రం డిస్క్ పోయేటట్టుంది, ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు ఫైళ్లు కాపీ చెయ్యి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచిత ప్రోగ్రామ్ ఉంది, అందులో పసుపు రంగో ఎరుపు రంగో కనిపించినా అంతే.

దీనికి మందు ఎస్ఎస్‌డీ, అంటే పళ్లెం బదులు చిప్పుల్లో ఫైళ్లు దాచుకునే డిస్క్. అందులో తిరిగేది, కదిలేది ఏమీ ఉండదు. 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ (సాటా అంటే డిస్క్‌ని బోర్డుకి కలిపే కనెక్షన్) ఒకటి కొని లోపల బిగించాలి. మీ మదర్‌బోర్డు పాతదే, అందులోని సాటాతో ఈ ఎస్ఎస్‌డీ ఇవ్వగలిగే వేగంలో సగమే వస్తుంది, అయినా తేడా నీకు మొదటి రోజే తెలిసిపోతుంది.

మరి ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఎందుకంటావా? ఇక్కడే దాని అసలు పని. నీ డిస్క్ 500 జీబీ, దాదాపు నిండిపోయింది. 256లో అది పట్టదు. పాత శుభలేఖలు, ఫ్లెక్సీ ఫైళ్లు, ఎవరో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించమని ఇచ్చి మర్చిపోయిన పెళ్లి వీడియోలు, ఇవన్నీ బయటికి పంపితే మిగిలింది ఎస్ఎస్‌డీలో హాయిగా సర్దుకుంటుంది. ప్రోగ్రామ్ ఫైల్స్, ఫాంట్ల ఫోల్డర్లు మాత్రం ముట్టుకోకు, సాఫ్ట్‌వేర్‌ని ఫోల్డర్‌తో సహా ఎత్తి అవతల పెడితే అది పనిచెయ్యదు.

ఫైళ్లు పంపేటప్పుడు కట్ చెయ్యకు, కాపీయే చెయ్యి. అయ్యాక రెండు వైపులా ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల లెక్క, సైజు సరిపోయాయో లేదో చూడు, తలో ఫోల్డర్‌లో రెండు మూడు తెరిచి చూడు, అప్పటిదాకా పాతవి డిలీట్ చెయ్యకు. డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన వీడియో కాపీ కాదు, కొనగానే ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఫార్మాట్ చేసుకో. సిస్టమ్ వెనక యూఎస్‌బీ పోర్టులో లోపలి నాలుక నీలం రంగులో ఉంటే అది సాధారణంగా యూఎస్‌బీ 3, అక్కడే పెట్టు. 2012కి ముందు బోర్డుల్లో చాలావాటికి అది ఉండదు, నల్లదే, అంటే యూఎస్‌బీ 2యే దిక్కు. నల్లదాంట్లో సెకనుకి 30 ఎంబీ వస్తే గొప్ప, అంటే 200 జీబీకి తక్కువలో తక్కువ దాదాపు రెండు గంటలు. రాత్రి కొట్టు కట్టేముందు పెట్టి వెళ్లు, కానీ యూపీఎస్ బ్యాటరీ బాగుందో లేదో చూసుకో, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి వస్తుంది.

ఇంకొక మాట, ఇది గట్టిగా చెబుతున్నాను. ఎక్స్‌టర్నల్‌లోకి పంపి ఇక్కడ డిలీట్ చేస్తే అది బ్యాకప్ కాదు, అప్పటికీ ఉన్నది ఒక్క కాపీయే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా కొట్టు పైరేకు లేచిపోయింది. సిస్టమూ, బ్యాకప్ అని నేను మురిసిపోయిన డ్రైవూ ఒకే టేబుల్ మీద ఉన్నాయి. మర్నాడు డ్రైవ్ వంచితే కన్నంలోంచి నీళ్లు కారాయి. పదేళ్ల ఫైళ్లు పోయాయి. డబ్బు పోతే పోయింది, ఒకావిడ చనిపోయిన తన భర్త ఫొటో కోసం వచ్చింది, మా దగ్గర స్కాన్ చేయించిన ఆ ఒక్కటే మిగిలిందట. లేదని చెప్పడానికి నా నోరు పెగల్లేదు. అందుకే రెండో కాపీ ఇంకో డ్రైవ్‌లో తీసి మీ అమ్మ బీరువాలో పెట్టించు, కొట్లో వద్దు.

బిగించే పని పెద్దదేం కాదు. ఎస్ఎస్‌డీతో చాలా కంపెనీలు క్లోన్ (డిస్క్‌ని మొత్తం నకలు తీసే) సాఫ్ట్‌వేర్ ఉచితంగానే ఇస్తాయి, ఉన్న విండోస్ ఉన్నట్టే కొత్తదాంట్లోకి వస్తుంది. వైరు పీకేసి, పవర్ బటన్ ఓ పది సెకన్లు నొక్కి పట్టుకో, క్యాబినెట్ ఇనుమును ఒకసారి చేత్తో తాకి అప్పుడు లోపల చెయ్యి పెట్టు. కేబుల్ మూతిలో చిన్న వంపు ఉంటుంది, అది కలిసినప్పుడే లోపలికి వెళ్తుంది, బలవంతం చెయ్యకు. ఎలాగూ తెరిచావు కాబట్టి ఫ్యాన్‌ని వేలితో ఆపి పట్టుకుని పెయింట్ బ్రష్‌తో దుమ్ము దులుపు. నోటితో ఊదకు, తడి పడుతుంది.

పెన్‌డ్రైవ్ పెట్టి రెడీబూస్ట్ (పెన్‌డ్రైవ్‌ని విండోస్ వేగం కోసం వాడుకునే సదుపాయం) ఆన్ చెయ్యమని కూడా ఎవరో ఒకరు చెప్తారు. అది 2007లో విండోస్ విస్టాతో వచ్చింది, ర్యామ్ ఒకటి రెండు జీబీ ఉన్న రోజుల్లో కాస్త పనికొచ్చేది. ఎస్ఎస్‌డీ పెట్టాక దాని అవసరమే లేదు. ఆ డబ్బుతో ఇంకో 4 జీబీ ర్యామ్ వేయించు. విండోస్ 32 బిట్‌దైతే మాత్రం 4 జీబీ దాటి వాడుకోలేదు, అది ముందు చూసుకో.

పాత హార్డ్ డిస్క్‌ని వెంటనే ఫార్మాట్ చెయ్యకు. ఒక నెల అలా పక్కన ఉంచు, ఏ ఫాంటో కనబడకపోతే అందులో వెతుక్కోవచ్చు.

ఈ వారం కాపీలు కానిచ్చెయ్. ఆదివారం మొదటి బస్సుకి నరసన్నపేట వస్తాను, క్లోనింగ్ ఇద్దరం కూర్చుని చేద్దాం. స్టార్ స్క్రూడ్రైవర్ నేను తెస్తాను, ఎస్ఎస్‌డీకి సాటా డేటా కేబుల్ మాత్రం విడిగా అడిగి తీసుకో, చాలావాటితో రాదు.

మీ మావయ్య