స్క్వేర్ డాన్స్‌లో బేసిక్స్ వచ్చాక దేని మీద దృష్టి పెట్టాలి?

కాల్స్ (డాన్స్ నడిపించే కాలర్ పిలిచే కదలికలు) అన్నీ వచ్చినా, నాలుగు జంటలు చతురస్రంగా నిలబడే స్క్వేర్ మధ్యలో చెదిరిపోతోందంటే, సాధారణంగా కారణం మతిమరుపు కాదు; కాల్‌ని ఒకే అమరికలో బట్టీ పట్టడం.

స్వింగ్ త్రూ అనే కాల్‌నే తీసుకోండి. నలుగురు వరసగా చేతులు కలిపి, ఒకరు అటు ఒకరు ఇటు ముఖం పెట్టి నిలబడితే అది ఓషన్ వేవ్. అందులో చివరివాళ్లే ముందు తిరగాలని చాలామంది అనుకుంటారు. అసలు నియమం వేరు: కుడిచేతులు కలిపినవాళ్లు సగం తిరగాలి, ఆ తర్వాత ఎడమచేతులు కలిపినవాళ్లు సగం. ఎడమచేతి వేవ్‌లో, అంటే చివరివాళ్లు పక్కవాళ్లతో ఎడమచేతులు కలిపినప్పుడు, కుడిచేతులు కలిసేది మధ్యవాళ్లవి, కాబట్టి మొదలుపెట్టాల్సింది వాళ్లే. చివరివాళ్లు అలవాటుకొద్దీ కదిలారా, గందరగోళమే. బల్ల మీద నాలుగు నాణేలకు ముఖం వైపు గుర్తు పెట్టి కుడిచేతి వేవ్, ఎడమచేతి వేవ్ రెండూ జరిపి చూడండి, పది నిమిషాల పని.

స్వింగ్ త్రూకి పట్టేది సంగీతంలో ఆరు బీట్లు. నాలుగింటిలో ముగించి నిలబడితే నడక తెగుతుంది. బీటుకొక చిన్న అడుగు, పాదం నేలకు దగ్గరగా. స్క్వేర్ పెద్దదైతే ఈ లెక్క కుదరదు, దగ్గరగా ఉండండి.

జంటగా గిర్రున తిరిగే స్వింగ్‌లో కుడిపాదాల బయటి అంచులు పక్కపక్కన ఉంచి, ఎడమకాలితో నెట్టాలి. ఇద్దరూ సమానంగా వెనక్కి ఒరగాలి. చేత్తో లాగితే ఎదుటివాళ్ల భుజం నొప్పెడుతుంది, అంతే.

దారి తప్పితే మీ ఆపోజిట్‌ని చూడండి. స్క్వేర్ కేంద్రానికి అవతల, సరిగ్గా అంతే దూరంలో మీకు ఎదురుదిక్కుకు తిరిగి ఉండాల్సిన మనిషి ఆయనే. అసలే చెదిరిపోతే ఎదురెదురు లైన్లుగా నిలబడి, కాలర్ మిగతావాళ్లను లైన్లలోకి తెచ్చేదాకా ఆగండి.