వాయిదాకి వెళ్లాలంటే భయమేస్తోంది, ఎవరికి చెప్పుకోవాలి?

విడాకుల కేసు నడుస్తోందన్నారు. పాప మీ దగ్గరే ఉంది, వాయిదా పడ్డ ప్రతిసారీ అతని తరఫు వాళ్లు కోర్టు గేటు దగ్గర కాపు కాసి బెదిరిస్తున్నారు, రాత్రుళ్లు ఇక బతకాలనిపించడం లేదు, ఏం చేయాలి అని అడిగారు.

ముందు ఆ చివరి మాట సంగతి. అలా అనిపించిన రాత్రి తెల్లారే దాకా ఆగకండి. 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిదే, 24 గంటలూ ఉంటుంది, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. నేను రాత్రి రెండింటికి చేశాను, అమ్మ లేస్తుందేమోనని వీధి అరుగు మీద కూర్చుని. అవతలి ఆవిడ కేసు గురించి ఏమీ అడగలేదు. అన్నం తిన్నారా, ఇప్పుడు పక్కన ఎవరున్నారు అంది. ఎవరూ లేరంటే, ఇంట్లో ఎవరినైనా లేపుతారా, నేను లైన్లోనే ఉంటాను అంది. అమ్మని లేపాను. ఆ రాత్రి గడిచింది. ఇప్పుడే ఏదైనా చేసుకుంటానేమో అనే భయం ఉంటే మాత్రం ఇంట్లో వాళ్లని లేపి, అత్యవసర నంబరు 112కి చేయండి.

గేటు దగ్గర మనిషి మీదకి వచ్చినప్పుడూ 112నే. 181 వేరు, అది ఆడవాళ్ల హెల్ప్‌లైన్. ఎక్కడికి పోవాలో, ఏం చేయాలో తెలియనప్పుడు అది. వాళ్లు మీ జిల్లాలోని సఖి కేంద్రానికి కలుపుతారు. ఇంట్లో ఉండలేని పరిస్థితి వస్తే పిల్లతో సహా కొన్ని రోజులు అక్కడ తలదాచుకోవచ్చు, కౌన్సెలింగూ వకీలు సాయమూ అక్కడే దొరుకుతాయి.

పోలీస్ స్టేషన్‌లో నాకు మొదటిసారి ఎదురైన మాట చెప్తాను, మీకూ ఎదురుకావచ్చు. ‘మొగుడూ పెళ్లాల గొడవమ్మా, కోర్టులో ఉంది కదా, మేమేం చేస్తాం’ అన్నారు. ఏడుస్తూ వచ్చేశాను. రెండోసారి ఫిర్యాదు రెండు కాపీలు రాసుకెళ్లాను. తేదీ, టైము, ఎవరు ఏ మాట అన్నారు, అంతే. రెండో కాపీ మీద స్టాంపు వేసి ఇచ్చే దాకా కుర్చీలోంచి లేవలేదు. తర్వాత జడ్జిగారి ముందు పనికొచ్చింది ఆ స్టాంపు కాగితమే, నా కన్నీళ్లు కాదు.

చాలామందికి తెలియనిది ఇంకొకటి. మీ జోలికి రావద్దని కోర్టు ఇచ్చే రక్షణ ఉత్తర్వు కావాలంటే మేజిస్ట్రేటు దగ్గర డీవీసీ కేసు, అంటే గృహహింస కేసు, వేరేగా వేయాలనుకుంటారు. అలా వేయొచ్చు. కానీ 2005 గృహహింస చట్టం 26వ సెక్షన్ ప్రకారం, నడుస్తున్న ఫ్యామిలీ కోర్టు కేసులోనే దాన్ని అడగొచ్చు. ఆ ఉత్తర్వు ఉండగా మీ జోలికొస్తే ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కాపీ ఒకటి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోండి.

వకీలు ఖర్చుకి భయపడకండి. వకీలుని ఉచితంగా ఇచ్చే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు చాలాచోట్ల కోర్టు ఆవరణలోనే ఉంటుంది, ఫోన్ 15100. నాకు జీతం వస్తోంది కదా, ఇవ్వరేమో అని ఏడాది పాటు అటు తొంగి కూడా చూడలేదు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేదట! తెలిశాక నా మీద నాకే కోపమొచ్చింది.

ఇక వాయిదా రోజు. నాకు కోర్టు హాల్లో ఎప్పుడూ ఏమీ కాలేదు. గేటు నుంచి బస్టాండు దాకా ఉన్న ఆ పది నిమిషాలే గండం. అందుకని పెందలాడే వెళ్లి హాల్లోనే కూర్చునేదాన్ని, వరండాలో కాదు. బెదిరింపుల సంగతి మా ప్లీడరు మెమో వేసి జడ్జిగారికి చెప్పారు. కేసు పిలిచాక కూడా వెంటనే బయటికి రాకుండా, వాళ్ల బండి వెళ్లిపోయిందని తమ్ముడు ఫోన్ చేశాకే కదిలేదాన్ని. పాపని తండ్రికి చూపించాల్సి వస్తే హోటల్లోనో పార్కులోనో వద్దు, కోర్టు ఆవరణలోనే అని అడగండి. అందరి ముందూ చెప్పలేని విషయాలుంటే విచారణ గుట్టుగా జరపమని కోరే హక్కు మీకుంది. ఆ ఊరు వెళ్లడమే ప్రమాదమైతే, అదే రాష్ట్రంలో వేరే కోర్టుకి కేసు బదిలీ చేయమని హైకోర్టులో పిటిషన్ వేయొచ్చు.

మర్చిపోయాను, ఫోన్! వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ ఇప్పుడే తెరిచి చూడండి. అతని ల్యాప్‌టాప్‌లో నా వాట్సాప్ ఏడు నెలలు తెరిచే ఉంది. ప్లీడరుకి నేను పెట్టిన ప్రతి మెసేజీ అతను చదివాడు, ఏ బస్సులో వస్తున్నానో కూడా. జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, లొకేషన్ షేరింగ్ ఆపండి. వాళ్లు పంపిన బెదిరింపు మెసేజీలు మాత్రం ఎంత కంపరమేసినా డిలీట్ చేయకండి.

ఇంకేమైనా అడగాలంటే కింద అడగండి. మీ ఊరి పేరు, వాయిదా తేదీ మాత్రం రాయకండి. ఇక్కడ రాసేవి వాళ్లూ చదువుతుండొచ్చు.