పార్కిన్సన్స్‌: వణుకు తగ్గింది, నీరసం తగ్గడం లేదు

ప్రశ్న: మావారికి 64 ఏళ్లు. ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. నాలుగేళ్ల నుంచి పార్కిన్సన్స్‌ ఉంది. లెవోడోపా మాత్ర ఉదయం 8కి, మధ్యాహ్నం 2కి, రాత్రి 8కి వేసుకుంటారు. బీపీకి, షుగర్‌కి, గ్యాస్‌కి కూడా మాత్రలున్నాయి. చేతి వణుకు బాగా తగ్గింది. కానీ పొద్దున వేడినీళ్ల స్నానం, టిఫిన్‌ అయ్యేసరికే ఓపిక లేదంటూ మంచం ఎక్కేస్తారు. పదకొండు దాటితే పలకరించినా మాట్లాడరు. మూడింటికి లేచి కూర్చుంటారు. హిమోగ్లోబిన్‌ బాగానే ఉందన్నారు. నాన్నకు బద్ధకం అలవాటైందని మా అబ్బాయి విసుక్కుంటున్నాడు. రెండు సెలైన్లు ఎక్కిస్తే బలం వస్తుందా? దూలగొండి పొడి వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ముందు మీ అబ్బాయి సంగతి. ఇది బద్ధకం కాదమ్మా. పార్కిన్సన్స్‌ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఈ నీరసం ఉంటుంది. కొందరికి వణుకు రాకముందే మొదలవుతుంది. వణుకు ఎంత ఉంటే నీరసం అంత ఉండాలనే లెక్క కూడా లేదు. ఈ జబ్బు గురించి 1817లో మొదటిసారి వివరంగా రాసిన జేమ్స్‌ పార్కిన్సన్‌ ఆరుగురు రోగుల గురించి చెప్పారు. వాళ్లలో కొందరిని ఆయన వీధిలో చూసి రాశారు. వణుకూ, నడకా వీధిలో పోయేవాళ్లకు కూడా కనిపిస్తాయి. నీరసం ఒకే ఇంట్లో ఉన్న కొడుక్కి కూడా కనిపించదు. అందుకే ఇన్ని మాటలు పడాల్సి వస్తోంది.

ఈ జబ్బులో మెదడులో డోపమిన్‌ తయారుచేసే కణాలు తగ్గిపోతాయి. డోపమిన్‌ కాళ్లూ చేతులూ కదలడానికే కాదు, లేచి ఒక పని మొదలుపెడదామనే ఉత్సాహానికి కూడా కావాలి. దానికి తోడు ఒంటికి సబ్బు రాసుకోవడం, చొక్కా బొత్తాలు పెట్టుకోవడం లాంటివి మనం ధ్యాస లేకుండా చేసేస్తాం. ఆయన బిగుసుకున్న కండరాలతో, ఒక్కోదాని మీదా మనసు పెట్టి చేయాలి. మనకు పది నిమిషాల స్నానం ఆయనకు ఓ పూట చాకిరీ.

జబ్బుతో వచ్చేదే కదా అని వదిలేయమని మాత్రం అనను. మీరు టైములతో సహా రాయడం చాలా మంచిదైంది. అవి చూస్తే నాకు రెండు అనుమానాలు వస్తున్నాయి.

ఒకటి, మాత్రల మధ్య వ్యవధి. ఎనిమిదికీ రెండుకీ మధ్య ఆరు గంటలుంది. మెదడులోకి వెళ్లి డోపమిన్‌గా మారే మందే లెవోడోపా. జబ్బు కొత్తలో అది ఇంత సేపూ కాస్తుంది. కొన్నేళ్లు గడిచాక చాలామందిలో మూడు నాలుగు గంటలకే దాని పని అయిపోతుంది. ఆయన పదకొండు దాటాక డీలా పడుతున్నారు, రెండు గంటల మాత్ర పనిచేయడం మొదలయ్యాక మూడింటికి లేస్తున్నారు. లెక్క సరిపోతోంది చూశారా! మందు దిగిపోయిందని తెలియడానికి వణుకే రావాలని లేదు. నీరసం, దిగులు, టెన్షన్‌, చెమటలు కూడా దాని గుర్తులే. మాత్రల టైములు దగ్గరికి జరపడమో, లెవోడోపా ఎక్కువసేపు నిలిచేలా ఇంకో మందు కలపడమో మీ న్యూరాలజిస్టు చేస్తారు. మీ అంతట మీరు డోసు మార్చొద్దు. ఉన్నట్టుండి ఆపేయడం మరీ ప్రమాదం.

ఒక మార్పు మాత్రం రేపటి నుంచే చేయొచ్చు. పాలు, గుడ్డు, పెసరట్టు, పప్పు లాంటి ప్రొటీన్‌ ఎక్కువున్న తిండితో పాటు లెవోడోపా వేసుకుంటే మందు సరిగా ఒంటికి పట్టదు. తిండికి అరగంట ముందు మంచినీళ్లతో వేసుకోవాలి, లేదంటే తిన్న గంట తర్వాత. ఖాళీ కడుపున వికారంగా ఉంటే రెండు బిస్కెట్లు తిన్నా ఫర్వాలేదు. అంతేగానీ పప్పు, పాలు పూర్తిగా మాన్పించకండి, మనిషి చిక్కిపోతారు. ఐరన్‌ మాత్ర వాడుతుంటే దానికీ దీనికీ కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి.

రెండో అనుమానం బీపీ. ఎక్కువ కావడం గురించి కాదు, నిలబడితే పడిపోవడం గురించి. పార్కిన్సన్స్‌ వల్లా, లెవోడోపా వల్లా కూడా ఇలా జరుగుతుంది. ఎప్పుడో రాసిన బీపీ మాత్ర ఇప్పుడు ఎక్కువైపోయి ఉండొచ్చు. వేడినీళ్ల స్నానంతో రక్తనాళాలు సడలుతాయి, తిన్న తర్వాత బీపీ ఇంకాస్త దిగుతుంది. ఇవన్నీ ఆయనకు పొద్దుటే ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. కళ్లు తిరిగితేనే బీపీ పడిందనుకోకండి. కొందరు ఓపిక లేదని మాత్రమే అంటారు, ఇంకొందరు మెడ వెనకా, భుజాల్లో లాగుతోందంటారు. ఇంట్లో మెషిన్‌ ఉంటే ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు చూడండి. పక్కన పట్టుకుని ఉండండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే డాక్టరుకు చూపించాల్సిందే. ఈలోగా గోరువెచ్చని నీళ్లతో, స్టూలు మీద కూర్చుని స్నానం చేయమనండి. ఏప్రిల్‌, మే ఎండల్లో ఇది ఇంకా పెరుగుతుంది, నీళ్లు బాగా తాగించాలి. ఉప్పు పెంచడం మాత్రం డాక్టరును అడిగాకే.

ఇంకా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. రాత్రి ఎన్నిసార్లు మూత్రానికి లేస్తున్నారు, గురక ఉందా, కలలో అరుస్తూ చేతులు విసురుతున్నారా? నిద్ర చెడితే పగలు ఇలాగే ఉంటుంది. పార్కిన్సన్స్‌కే ఇచ్చే ప్రామిపెక్సోల్‌, రోపినిరోల్‌ లాంటి మాత్రలు వాడుతుంటే పగటి మత్తు వాటి వల్ల కావొచ్చు. డిప్రెషన్‌ ఉందేమో కూడా తేల్చుకోవాలి, అది మందులకు లొంగుతుంది. హిమోగ్లోబిన్‌ బాగున్నా బీ12 తక్కువ ఉండొచ్చు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్‌ చాన్నాళ్లుగా వాడేవాళ్లలో ఇది మామూలే. థైరాయిడ్‌ కూడా చూడాలి. ఇక గ్యాస్‌ మాత్ర! దాని అట్ట మీద పేరు చదవండి. లెవోసల్పిరైడ్‌ గానీ మెటోక్లోప్రమైడ్‌ గానీ కలిసి ఉంటే అది డోపమిన్‌కు అడ్డుపడుతుంది. ఒక చేత్తో లెవోడోపా ఇస్తూ ఇంకో చేత్తో లాగేసుకున్నట్టే. ఇది నేను ఓపీలో తరచూ చూసే పొరపాటు.

ఇవన్నీ సరిచేసినా కొంత నీరసం మిగలొచ్చు. దాన్ని పూర్తిగా తీసేసే మాత్ర ఇప్పటికైతే లేదు. వినడానికి వింతగా ఉన్నా, ఉన్నవాటిలో కాస్త పనికొచ్చేది వ్యాయామమే. మాత్ర బాగా పనిచేసే సమయంలో, ఎండ ఎక్కకముందు, పది నిమిషాల నడకతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. స్నానం, బ్యాంకు పని, చుట్టాలింటికి వెళ్లడం ఒకే పూట పెట్టుకోవద్దు. పగటి కునుకు అరగంట దాటనివ్వకండి. నిమ్స్‌ అయినా, గాంధీ అయినా, మీరు చూపించుకునే ప్రైవేటు ఆస్పత్రి అయినా, ఓపీకి వెళ్లేటప్పుడు మాత్రలు వెంట ఉంచుకోండి. లైన్లో కూర్చుని డోసు తప్పిపోతే డాక్టరు ముందుకు వెళ్లేసరికి ఆయన నోట మాట రాదు. ఒక వారం పాటు మాత్ర టైము, తిండి టైము, నీరసం వచ్చిన టైము నోట్‌బుక్‌లో రాసి తీసుకెళ్లండి. వీలైతే మీ అబ్బాయి చేతే రాయించండి.

ఒకటి రెండు రోజుల్లోనే నీరసం హఠాత్తుగా పెరిగినా, జ్వరం, మూత్రంలో మంట, ఆయాసం, ఛాతీ నొప్పి, నల్లటి విరేచనం, తికమకగా మాట్లాడటం ఉన్నా నోట్‌బుక్‌ కోసం ఆగకండి. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

మీరడిగిన సెలైన్‌లో ఉండేది ఉప్పునీళ్లు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు పనికొస్తుంది, ఈ నీరసానికి కాదు. దూలగొండి గింజల్లో లెవోడోపా ఉన్నమాట నిజమే. సరిగ్గా అందుకే వద్దంటున్నాను. ఏ పొడిలో ఎంత ఉందో తెలియకుండా మాత్రలతో కలిపితే డోసు ఎక్కువై బీపీ ఇంకా పడిపోవచ్చు, వికారం, లేనివి ఉన్నట్టు కనిపించడం కూడా రావొచ్చు. ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే దాచకుండా మీ డాక్టరుకు చెప్పండి, ఆ డబ్బా కూడా చూపించండి.